బెర్బెరా: మందలు దిగివచ్చే రేవు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: బెర్బెరాలో ఒక లాజిస్టిక్స్ కంపెనీ మీ తమ్ముడికి ఉద్యోగం ఇస్తానంది. సొమాలియా అనగానే ఇంట్లో అందరికీ టెన్షన్ మొదలైంది. ఒకరు అది సముద్రపు దొంగల ఊరన్నారు. ఇంకొకరు దుబాయ్ కంపెనీ వచ్చాకే అక్కడ ఊరంటూ ఏర్పడిందన్నారు. అసలు ఆ ఊరి చరిత్ర ఏమిటి, అది ఎలా పెరిగిందని అడిగారు.

నేను సరుకు ఓడల్లో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి. ఏడెన్ సింధుశాఖ నాకు తెలిసిన దారి. ఒడ్డున ఉన్న రేవుల చరిత్ర చదవడం ఆ పనిలోనే అలవాటైంది. బెర్బెరా గురించి తెలుగులో రాసినవాళ్లు తక్కువ కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ముందు దొంగల సంగతి. 2008 నుంచి 2012 దాకా ఓడలను పట్టుకుపోయిన ముఠాలు ఎక్కువగా ఏల్, హోబ్యో, హరార్దేరే లాంటి ఊళ్ల నుంచి పనిచేశాయి. అవన్నీ హిందూ మహాసముద్రం వైపున్న తూర్పు తీరంలో ఉన్నాయి. బెర్బెరా ఉత్తర తీరంలో, ఏడెన్‌కు దాదాపు సూటిగా ఎదుట, 260 కిలోమీటర్ల నీటికి ఇవతల ఉంది. ఇక్కడి పాలకులు ఆ ముఠాలను తమ తీరంలో నిలదొక్కుకోనివ్వలేదు. వేరేచోట పట్టుబడి శిక్షపడిన దొంగలను కూడా కొందరిని హర్గేసా జైలుకు తీసుకొచ్చి ఉంచారు. ఆ రోజుల్లో విశాఖ నుంచీ కాకినాడ నుంచీ ఓడల మీదకు వెళ్లిన పిల్లల ఇళ్లలో ఏడెన్ పేరు వింటే నిద్ర పట్టేది కాదు. ఆ భయం ఎంత నిజమో నాకు తెలుసు. కానీ దాన్ని బెర్బెరాకు అంటగట్టడం న్యాయం కాదు.

"ఇక్కడి పాలకులు" అన్నాను కదా, అదేమిటో ఒక మాట. ఈ ప్రాంతం బ్రిటిష్ సొమాలీలాండ్‌గా ఉండి 1960 జూన్ 26న స్వతంత్రమైంది. అయిదు రోజులకే, జూలై 1న, ఇటలీ పాలన కింద ఉన్న దక్షిణ భాగంతో కలిసి సొమాలియా అయింది. 1991 మే 18న విడిపోతున్నట్టు ప్రకటించుకుంది. అప్పటి నుంచి సొమాలీలాండ్‌కు సొంత ప్రభుత్వం, సొంత కరెన్సీ, సొంత ఎన్నికలు ఉన్నాయి. భారత్ సహా ప్రపంచంలో చాలా దేశాలు దాన్ని వేరే దేశంగా గుర్తించలేదు. హర్గేసా రాజధాని, బెర్బెరా దాని ప్రధాన రేవు.

ఇక ఊరు. మ్యాపులో చూస్తే తూర్పు నుంచి పడమరకు సన్నగా సాగిన ఒక ఇసుక మేట కనిపిస్తుంది. దాని లోపలివైపు నీళ్లు నిలకడగా ఉంటాయి. పొడవైన ఆ తీరంలో ఓడకు ఇలాంటి సహజమైన చాటు దొరికే చోట్లు చాలా తక్కువ. అయితే ఇది సగం కథే. ఊరి వెనక మండిపోయే మైదానం, దాని వెనక గోలిస్ కొండలు ఉన్నాయి. షేఖ్ కనుమ ఎక్కితే అవతల ఎత్తయిన గడ్డిమైదానాలు మొదలై ఇథియోపియాలోకి సాగిపోతాయి. గొర్రెలు, మేకలు, ఒంటెలు పెరిగేది అక్కడ, కొనేవాళ్లు ఉండేది సముద్రం అవతలి అరేబియాలో. ఆ రెండూ కలిసే చోటు బెర్బెరా. రెండు వేల ఏళ్లలో ఈ రేవుకు ఎవరెవరో వచ్చి వాళ్ల అవసరాల కోసం ఏవేవో కట్టుకున్నారు. ఊరి పొయ్యి వెలిగించింది మాత్రం ఎప్పుడూ కొండ దిగివచ్చిన మందలే. క్రేన్ల ఫొటోలు చూసి ఈ ఊరిని అంచనా వేసేవాళ్లకు తప్పిపోయేది సరిగ్గా ఇదే.

పాత కాలానికి వద్దాం. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు ఎర్ర సముద్రం నుంచి మన తీరం దాకా రేవులన్నీ వరసగా చెబుతూ ఒక దారి పుస్తకం రాశాడు. దాని పేరు 'పెరిప్లస్'. అందులో మలావో అనే రేవు వస్తుంది. తూర్పు నుంచి చాచుకున్న మేట దానికి చాటునిస్తుందని రాశాడు. పండితుల్లో ఎక్కువమంది అది బెర్బెరాయే అంటారు. అక్కడ బోళం, కొంచెం సాంబ్రాణి, దాల్చినచెక్క దొరికేవట. అదే పుస్తకంలో ముందుకు వెళ్తే మసాలియా వస్తుంది, అంటే మన కృష్ణా ముఖద్వారం, మచిలీపట్నం ప్రాంతం. అక్కడి సన్నని బట్టల గురించి చెబుతాడు. అంటే ఆ రోజుల్లో ఓడ నడిపేవాడి లెక్కలో ఈ రెండు తీరాలూ ఒకే దారి మీదివి.

తర్వాతి శతాబ్దాల అరబ్బు భూగోళ రచయితలు ఈ తీరాన్ని బర్బర దేశమనీ, ముందున్న నీటిని బర్బర సముద్రమనీ రాశారు. పడమరన ఉన్న జైలా రేవు అప్పట్లో దీనికంటే పేరున్నది. 1331 ప్రాంతంలో ఇబ్న్ బతూతా దిగింది అక్కడే. చేపల కంపు, వీధుల్లో కోసిన ఒంటెల రక్తం భరించలేక ఆ రాత్రి ఓడలోనే పడుకున్నానని రాసుకున్నాడు. 1517లో పోర్చుగీసువాళ్లు జైలాను తగలబెట్టారు, మరుసటి ఏడాది బెర్బెరాను దోచారు. ఈ మధ్య కాలం గురించి చెప్పుకోవడానికి మిగిలిన ఆధారాలు తక్కువ. కాబట్టి నేరుగా పంతొమ్మిదో శతాబ్దానికి వచ్చేస్తాను. బెర్బెరా అసలు స్వభావం అర్థమయ్యేది అక్కడే.

అప్పటి బెర్బెరా ఏడాదికి సగం రోజులే ఊరు. ఏప్రిల్ నుంచి అక్టోబరు మొదలు దాకా అక్కడ మనిషి ఉండేవాడు కాదు. ఎండలు ముదిరి కొండల మీద నుంచి వేడి ఇసుక గాలి వీస్తుంటే అందరూ పైకి వెళ్లిపోయేవారు. గాలి మారగానే లోపలి తెగలు ఒంటెల మీద కర్రలు, చాపలు వేసుకుని దిగేవి. గుడిసెలు లేచేవి. మేడారం జాతరకు అడవిలో ఊరు వెలిసినట్టు ఇసుకలో ఒక పట్టణం వెలిసేది. తేడా ఏమిటంటే, ఇది నాలుగు రోజులు కాదు, ఆరు నెలలు నడిచేది.

1840ల్లో ఏడెన్‌లో ఉన్న క్రటెండెన్ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి దీన్ని కళ్లకు కట్టినట్టు నమోదు చేశాడు. గాలి మారీమారగానే ముందు యెమెన్ తీరపు చిన్న పడవలు పరుగెత్తుకొచ్చేవి. పెద్దవాళ్లు రాకముందే కొనుక్కోవాలని వాళ్ల తొందర. తర్వాత మస్కట్, సూర్, రాస్ అల్ ఖైమా పడవలు వచ్చేవి. చివరగా పోర్‌బందర్, మాండ్వి, బొంబాయిల నుంచి మన గుజరాతీ బనియాలు పెద్ద కోటియా ఓడల్లో వచ్చేవారు. ఓడ వెనక భాగానికి రెండు పక్కలా ఖాళీ నెయ్యి జాడీలు వరసగా వేలాడుతుండేవి. తిరిగి వెళ్లేటప్పుడు అవి నిండేవి. డబ్బు, సరుకు, పలుకుబడి ఉన్నవాళ్లు కాబట్టి ముందు వరసలో లంగరు వేసేవారు. బట్టలు, బియ్యం, లోహాలు దిగేవి. నెయ్యి, బంకలు, తోళ్లు, ఉష్ట్రపక్షి ఈకలు, మందలు ఎక్కేవి. ఇథియోపియా వైపు హరార్ పట్టణం నుంచి కాఫీ తెచ్చే ఒంటెల బిడారు అన్నిటికంటే ఆలస్యంగా వచ్చేది, దాని కోసం అందరూ ఎదురుచూసేవారు. ఆ బిడారుతో బానిసలు కూడా వచ్చేవారు. ఈ వ్యాపారపు చీకటి వైపును దాచిపెట్టకూడదు.

అక్కడ రాజు లేడు, పోలీసు లేడు, సుంకం ఆఫీసు లేదు. మరి వ్యాపారం ఎలా నడిచింది? ప్రతి పరదేశి వర్తకుడూ దిగగానే ఒక స్థానికుణ్ణి 'అబ్బాన్'గా పెట్టుకోవాలి. అతని ప్రాణానికీ సరుకుకీ అబ్బాన్‌దే పూచీ. బేరం కుదిర్చేదీ, తగవొస్తే తన తెగతో అడ్డంగా నిలబడేదీ అతనే. దానికి తన వాటా తీసుకుంటాడు. వర్తకుడి మీద చెయ్యి పడితే అబ్బాన్ తెగకే అవమానం. నా దృష్టిలో బెర్బెరా చరిత్రలో అతి ముఖ్యమైన నిర్మాణం ఇదే. ఇటుక ముక్క లేకుండా కట్టిన రేవు పాలన అది. దీని ఛాయలు 1990ల్లో మళ్లీ కనిపిస్తాయి, అక్కడ చెబుతాను.

బ్రిటిష్‌వాళ్లు ఈ ఊరి మీద కన్నేసింది మాంసం కోసం. 1839లో ఈస్టిండియా కంపెనీ ఏడెన్‌ను పట్టుకుంది. బొగ్గు నింపుకోవడానికి అది మంచి చోటు, కానీ చుట్టూ రాళ్లు. అక్కడి సైన్యానికి, ఆగే ఓడలకు మాంసం ఎదురుగా ఉన్న బెర్బెరా నుంచే రావాలి. అందుకే ఈ తీరం చాలాకాలం బొంబాయి ప్రభుత్వపు పట్టింపుగా ఉండిపోయింది. 1855 ఏప్రిల్‌లో, సంత ఎత్తేస్తున్న రోజుల్లో, రిచర్డ్ బర్టన్ అనే కంపెనీ అధికారి బృందం ఊరి బయట డేరాలు వేసుకుంది. రాత్రి దాడి జరిగింది. స్ట్రోయన్ అనే లెఫ్టినెంట్ చనిపోయాడు, స్పీక్ అనే మరో అధికారికి ఈటె పోట్లు పడ్డాయి, బర్టన్ దవడల గుండా బల్లెం దూసుకుపోయింది. కంపెనీ చేసిన ప్రతీకారం ఏమిటంటే, తీరాన్ని ఓడలతో దిగ్బంధం చేసి సంత జరగనివ్వలేదు. 1856లో తెగ పెద్దలు ఒప్పందానికి వచ్చారు. ఫిరంగులు చేయలేని పని సంత ఆగడం చేసింది.

1870ల్లో ఈజిప్టు వచ్చింది. ఉన్నది సుమారు పదేళ్లే. కానీ బెర్బెరా ఏడాది పొడవునా ఉండే ఊరుగా మారడానికి గట్టి పునాది అప్పుడే పడిందని నేను నమ్ముతాను. కారణం నీళ్లు. ఊరికి దక్షిణాన కొండ పాదాల దగ్గర దుబార్ ఊటలు ఉన్నాయి. ఈజిప్టు ప్రభుత్వం అక్కడి నుంచి ఊళ్లోకి నీళ్లు పారించింది. ఓడలకు దీపస్తంభం, దిగడానికి రేవుకట్ట కూడా కట్టించింది. అంతకుముందు ఇసుకలో తవ్విన ఉప్పటి గుంటలే గతి. వేల మంది, వాళ్లతో వచ్చిన జంతువులు ఆ నీళ్లతో ఎలా నెట్టుకొచ్చారో తలుచుకుంటేనే ఆశ్చర్యం. ఈ రోజుకీ దుబార్ పేరు చెప్పకుండా బెర్బెరా నీళ్ల గురించి మాట్లాడలేం. దారోలే అనే పాతపేటలో కనిపించే పగడపు రాతి ఇళ్లు, చెక్క కిటికీలు ఎర్ర సముద్రపు రేవుల వాస్తుకు చెందినవి. చాలా ఇళ్లు ఇప్పుడు కూలిపోతున్నాయి, అది బాధపడాల్సిన విషయం.

సూడాన్‌లో మహదీ తిరుగుబాటు రాగానే 1884లో ఈజిప్టు సైన్యం వెళ్లిపోయింది. ఏడెన్ నుంచి బ్రిటిష్‌వాళ్లు దిగి తెగలతో వరసగా ఒప్పందాలు రాయించుకున్నారు. 1898 దాకా ఈ రక్షిత ప్రాంతం భారత ప్రభుత్వం కిందే ఉంది. మన రూపాయి అక్కడ 1941 దాకా చెల్లింది. భారత శిక్షాస్మృతి అక్కడ కూడా అమలయింది. ఏడెన్‌లోని పార్సీ సంస్థ కావస్‌జీ దిన్షా చిన్న స్టీమర్లు ఈ తీరానికి నడిపేది. దుకాణాల్లో, ఆఫీసుల్లో భారతీయులు ఉండేవారు. ఇక్కడి సొమాలీ యువకులు ఏడెన్ వెళ్లి బొగ్గు ఓడల్లో కొలిమి పనివాళ్లుగా చేరి బ్రిటన్‌లోని కార్డిఫ్ రేవు దాకా పోయి స్థిరపడ్డారు. ఓడ పని చేసినవాడిగా ఆ మనుషులంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. ఓడలో అన్నిటికంటే కఠినమైన పని వాళ్లకే దక్కింది.

రాజధాని అయినా బ్రిటిష్ కాలంలో బెర్బెరా పెద్దగా పెరగలేదు. ఎందుకంటే వాళ్లకు కావలసింది ఏడెన్‌కు మాంసం, తక్కువ ఖర్చు, అంతే. ఈలోగా పక్కనే జిబూటీ నుంచి ఫ్రెంచివాళ్లు రైలు వేశారు. 1917లో అది ఇథియోపియా రాజధాని అడిస్ అబాబా చేరింది. హరార్ బిడారు తెచ్చే సరుకు రైలెక్కి అటు వెళ్లిపోయింది. లోపలి దేశాన్ని పోగొట్టుకున్న రేవు అక్కడే ఆగిపోతుంది. ఇప్పుడు ఇథియోపియా గురించి బెర్బెరాలో ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే ఈ నూరేళ్ల నాటి దెబ్బను గుర్తుపెట్టుకోవాలి.

యుద్ధాలు త్వరగా చెప్పేస్తాను. 1895లో మక్కా నుంచి తిరిగొచ్చి బెర్బెరాలో బోధన మొదలుపెట్టిన సయ్యద్ మొహమ్మద్ అబ్దుల్లా హసన్, 1899 నుంచి ఇరవై ఏళ్లు బ్రిటిష్‌వాళ్లతో పోరాడాడు. 1910లో వాళ్లు లోపలి ప్రాంతం వదిలేసి తీరానికే పరిమితమయ్యారు. 1920లో ఓడలో బెర్బెరాకు తెచ్చిన పన్నెండు విమానాలతో బాంబులేశాక గానీ ఆ ఉద్యమం కూలలేదు. 1940 ఆగస్టులో ఇటలీ దాడి చేస్తే బ్రిటిష్ బలగాలు బెర్బెరా నుంచే ఓడలెక్కి ఏడెన్‌కు తప్పుకున్నాయి. 1941 మార్చి 16న ఏడెన్ నుంచే తిరిగొచ్చి పట్టుకున్నాయి. ఆ రాత్రి ఒడ్డుకు దిగినవాళ్లలో పంజాబ్ రెజిమెంట్ల భారతీయ సైనికులు ఉన్నారు. ఆ తర్వాత రాజధాని హర్గేసాకు మారిపోయింది. బెర్బెరాకు రేవు ఒక్కటే మిగిలింది.

అసలైన లోతు రేవు 1960ల చివర్లో వచ్చింది, కట్టింది సోవియట్‌లు. అంతవరకు పెద్ద ఓడ దూరంగా ఆగితే చిన్న పడవలతో సరుకు మోసేవారు. 1970ల్లో వాళ్లే నాలుగు కిలోమీటర్ల పైబడిన రన్‌వే వేశారు. ఆఫ్రికాలో అతి పొడవైన వాటిలో అదొకటి. చిన్న ఊరికి అంత రన్‌వే అవసరం లేదు. అది హిందూ మహాసముద్రం మీద నిఘా కోసం. 1977లో సొమాలియా, ఇథియోపియాల మధ్య ఒగాడెన్ యుద్ధంలో మాస్కో ఇథియోపియా పక్షం చేరడంతో సొమాలియా పాలకుడు సియాద్ బర్రే వాళ్లను వెళ్లగొట్టాడు. 1980లో అమెరికాతో ఒప్పందం కుదిరింది. అదే రన్‌వేను అమెరికా తీసుకుంది. అంతరిక్ష షటిల్ అత్యవసరంగా దిగాల్సి వస్తే వాడే చోట్ల జాబితాలో బెర్బెరా కూడా చేరింది. 1980ల్లో అమెరికా డబ్బుతో రేవు పొడిగించారు, బెర్తుల మొత్తం పొడవు 650 మీటర్లయింది. ఇద్దరు శత్రువులు చెరి సగం కట్టిన గోడకు ఆనుకుని గొర్రెల ఓడలు నిలబడేవి. సౌదీ మార్కెట్ పెరగడంతో హజ్ ముందు నెలల్లో మందలు వరదలా వచ్చేవి.

1988 మేలో బర్రే మీద తిరగబడ్డ సొమాలీ జాతీయోద్యమం దళాలు బురావ్, హర్గేసాల మీద దాడి చేశాయి. ప్రభుత్వం హర్గేసాను విమానాలతో బాంబులేసి నేలమట్టం చేసింది. బెర్బెరా మాత్రం రేవు కోసం సైన్యం చేతిలోనే ఉండిపోయింది. ఆ ఏళ్లలో ఊళ్లో ఈ ప్రాంతపు ప్రధాన తెగ అయిన ఇసాక్‌కు చెందిన సామాన్యులను పట్టుకుని చంపారు. ఆ ఊళ్లో పెద్దవాళ్లతో మాట్లాడేటప్పుడు మీ తమ్ముడు ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. దాదాపు ప్రతి కుటుంబంలోనూ ఒక నష్టం ఉంది.

1991 జనవరి చివర్లో ఊరు ఉద్యమం చేతికి వచ్చింది. తర్వాత వచ్చిన చిక్కు ఇంకా పెద్దది. కొత్త ప్రభుత్వానికి ఖజానా లేదు, ఆదాయమంటూ వచ్చేది రేవు నుంచే. రేవు చుట్టూ నివసించే ఉపతెగ 'ఇది మాది' అంది. 1992లో అధ్యక్షుడు తూర్ బలగాలు రేవును పట్టుకోబోయి ఓడిపోయాయి. కొత్త దేశం పుట్టీ పుట్టగానే అన్నదమ్ముల పోరులో పడింది. దక్షిణాన సొమాలియా రాజధాని మొగదిషు రేవు కోసం ముఠాలు కొట్టుకుంటున్న రోజులే అవి కూడా. ఇక్కడా అదే జరిగేది.

జరగలేదు. వేరే తెగ పెద్దలు మధ్యవర్తులుగా వచ్చారు. 1992 అక్టోబరులో షేఖ్ ఊళ్లో సభ కూర్చుంది. బెర్బెరా రేవు ఏ ఒక్క తెగదీ కాదు, ప్రభుత్వానిదే అని తేల్చారు. కానీ ఒక్క రేవునే అడిగితే అది ఆ తెగ మీద పెత్తనం అవుతుంది. అందుకని మిగతా తెగల ప్రాంతాల్లోని విమానాశ్రయం, జైలా లాంటి ప్రజా ఆస్తులన్నీ కూడా అదే నియమం కిందకు వస్తాయన్నారు. ఎవరి తలా వంగలేదు. పాత అబ్బాన్ పద్ధతిలోని పూచీ, పరువు, వాటా అన్న మూడు సూత్రాలూ ఈ తీర్పులో నాకు కనిపిస్తాయి.

1993లో బొరామా ఊళ్లో కూర్చున్న పెద్దల సభ ఈగల్ అనే నాయకుణ్ణి అధ్యక్షుడిగా ఎన్నుకుంది. ఆయన రేవు ప్రాంతపు ఉపతెగకే చెందినవాడు కావడం కలిసొచ్చింది. బెర్బెరా పశువుల వర్తకుల దగ్గర అప్పు తీసుకుని, బదులుగా పన్ను రాయితీలిచ్చాడు. ఆ డబ్బుతో తుపాకీ పట్టిన కుర్రాళ్లను జీతాల కిందకు తెచ్చాడు. 1994లో సొమాలీలాండ్ షిల్లింగ్ అచ్చయింది. బయటి దేశాల గుర్తింపు లేదు కాబట్టి పెద్ద అప్పులు పుట్టలేదు. అందువల్లే పాలకులు వర్తకుల మాట, పెద్దల మాట వినక తప్పలేదని కొందరు పరిశోధకులు అంటారు. నాకూ అదే సబబనిపిస్తుంది.

అయితే ఒకే సరుకు మీద బతికే రేవుకు ఉండే ప్రమాదం కూడా అప్పుడే బయటపడింది. 1997-98 వానల తర్వాత తూర్పు ఆఫ్రికాలో రిఫ్ట్ వ్యాలీ జ్వరం ప్రబలింది. దోమల వల్ల పశువులకు సోకి, మనుషులకూ అంటే జబ్బు అది. 1998లో సౌదీ దిగుమతి ఆపేసింది. కొంతకాలానికి ఎత్తేసింది. 2000 సెప్టెంబరులో ఆ జ్వరం సౌదీ, యెమెన్‌లలోనే కనబడటంతో మళ్లీ ఆపేసింది. ఈసారి నిషేధం 2009 నవంబరు దాకా సాగింది, అంటే తొమ్మిదేళ్లు. ప్రభుత్వ ఆదాయం పడిపోయింది. గొర్రెలు కొన్ని దొడ్డిదారిన యెమెన్‌కు, తర్వాత జిబూటీ క్వారంటైన్ మీదుగా వెళ్లాయి, ధర మాత్రం కాపరికి అందలేదు. చివరికి బెర్బెరాలోనే క్వారంటైన్ కేంద్రం పెట్టి, జంతువులను ఉంచి, రక్తపరీక్ష చేసి ఓడెక్కించే పద్ధతి వచ్చాక వ్యాపారం తిరిగి లేచింది. 2014లో సొమాలీ రేవులన్నీ కలిపి 50 లక్షలకు పైగా జీవాలను గల్ఫ్‌కు పంపాయి. వాటిలో మేకలూ గొర్రెలే 46 లక్షలు. బెర్బెరా, తూర్పున బొసాసో ఇందులో ముఖ్యమైన రేవులు. హజ్ ప్రతి ఏడాదీ పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ఈ సీజన్ కూడా క్యాలెండర్‌లో తిరుగుతూ ఉంటుంది. ఎండాకాలంలో పడితే ఓడలో జంతువులకు గాలి, నీళ్లు అందించడం నరకం. ఆ పని చూసినవాడు ఎవడూ దాన్ని తేలిగ్గా మాట్లాడడు.

ఇప్పుడు దుబాయ్ కంపెనీ. డీపీ వరల్డ్ 2016లో 30 ఏళ్ల ఒప్పందం చేసుకుంది, 44.2 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది. 2021 జూన్‌లో 400 మీటర్ల కొత్త బెర్తు, పెద్ద క్రేన్లతో కంటైనర్ టెర్మినల్ మొదలైంది. ఏడాదికి లక్షన్నర కంటైనర్ల సామర్థ్యం అయిదు లక్షలకు పెరిగిందని అప్పుడు చెప్పారు. 2023లో పక్కన ప్రత్యేక ఆర్థిక మండలి (ఎస్‌ఈజెడ్) తెరిచారు. బెర్బెరా నుంచి ఇథియోపియా సరిహద్దు వజాలే దాకా 250 కిలోమీటర్ల రోడ్డును అబూధాబీ నిధులతో బాగుచేశారు. హర్గేసా బైపాస్‌కు బ్రిటన్ డబ్బిచ్చింది. ఈ మార్పు నిజమైనదే. రోజుల తరబడి బయట ఆగాల్సిన ఓడ ఇప్పుడు వేళకు వెళ్లిపోతోంది.

కానీ అంత సామర్థ్యం బెర్బెరా కోసమో, హర్గేసా కోసమో కట్టలేదు. అది ఇథియోపియా సరుకు కోసం. ఎరిట్రియా విడిపోయాక ఇథియోపియాకు తీరం లేదు. 1998లో ఎరిట్రియాతో వచ్చిన యుద్ధంతో అక్కడి అస్సబ్ రేవు కూడా మూతపడింది, 90 శాతానికి పైగా సరుకు జిబూటీ మీదే ఆధారపడింది. 2018లో ఇథియోపియాకు బెర్బెరా రేవులో 19 శాతం వాటా ఇస్తామన్నారు. షరతులు నెరవేర్చకపోవడంతో 2022లో అది పోయింది. 2024 జనవరి 1న ఇథియోపియా, సొమాలీలాండ్ తీరం గురించి మరో అవగాహన పత్రం మీద సంతకాలు చేస్తే మొగదిషు మండిపడింది. ఆ డిసెంబరులో టర్కీ మధ్యవర్తిత్వంతో ఇథియోపియా, సొమాలియాలు రాజీ ప్రకటన చేశాయి. మొత్తం మీద ఆశించినంత ఇథియోపియా సరుకు ఇంకా ఈ దారి పట్టలేదు. రోడ్డు వేయడం కంటే కస్టమ్స్, బీమా, రాజకీయం కుదరడం కష్టం. మీ తమ్ముడి కంపెనీ లాభమూ నష్టమూ అక్కడే తేలుతుంది. ఇంటర్వ్యూలో అడగాల్సిన ప్రశ్న కూడా అదే: మీ సరుకులో ఇథియోపియాకు వెళ్లేది ఎంత, స్థానికంగా ఖర్చయ్యేది ఎంత?

ఇక ఇంట్లోవాళ్లకు పనికొచ్చే మాటలు. ఎండ గురించి నిర్లక్ష్యం వద్దు. జూన్ నుంచి ఆగస్టు దాకా 40 డిగ్రీలు దాటిన వేడి, దుమ్ము గాలి ఉంటాయి. స్తోమత ఉన్నవాళ్లు ఇప్పటికీ ఆ నెలల్లో షేఖ్, బురావ్, హర్గేసాలకు ఎక్కిపోతారు. చేరే తేదీ చేతిలో ఉంటే అక్టోబరు తర్వాత పెట్టుకోమనండి. నోట్ల కట్టలతో పని తక్కువ. 2009 నుంచి నడుస్తున్న 'జాద్' మొబైల్ చెల్లింపులు టీ కొట్టులో కూడా చెల్లుతాయి. సొమాలియా వీసా, సొమాలీలాండ్ వీసా ఒకటి కావు. ఏది అవసరమో టికెట్ తీసుకునే ముందు కంపెనీ చేత రాతపూర్వకంగా చెప్పించుకోవాలి. హైదరాబాద్‌లో చదువుకునే సొమాలీ విద్యార్థులు, వైద్యానికి వచ్చే కుటుంబాలు ఉన్నారు. అక్కడివాళ్లతో ఒకసారి మాట్లాడితే ఇంట్లోవాళ్ల భయం చాలావరకు తగ్గుతుంది.

అన్నిటికంటే ముఖ్యం బీమా. చాలా పాలసీలు సొమాలీలాండ్‌ను విడిగా చూడవు, సొమాలియా కిందే లెక్కేస్తాయి. యుద్ధ ప్రమాదం ఉన్న దేశమని మినహాయింపు పెట్టేస్తాయి. పాలసీలో బెర్బెరా పేరు స్పష్టంగా ఉందా, అనారోగ్యం వస్తే విమానంలో బయటికి తరలించే ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, ఈ రెండూ కాంట్రాక్టులో చూసుకున్నాకే సంతకం పెట్టమనండి.